నీ స్వెట్టర్ దాచిన రోజు

అక్కా,

నిన్ను ఫోటోలో తప్ప చూడలేదు. నువ్వు పోయిన రెండేళ్లకు నీ భర్తనే చేసుకుని ఈ ఇంటికి వచ్చాను. నీ కూతురు శ్రావణి రేపు బడివాళ్లతో కోహీర్ అవతలికి క్యాంపుకు వెళ్తోంది. టెంట్‌లో పడుకోవడం దానికిదే మొదటిసారి.

టార్చిలైటు, దుప్పటి, అటుకులు అన్నీ నేనే సర్దాను. చలిగా ఉంటుందని బజారుకు వెళ్లి కొత్త స్వెట్టర్ కొన్నాను. శ్రావణి దాన్ని మంచం మీదే వదిలేసి, బీరువాలోంచి నీ పాత ఆకుపచ్చ స్వెట్టర్ తీసి సంచిలో పెట్టుకుంది. ఎనిమిదేళ్లుగా ఆ పిల్లకు జడలు వేస్తున్నది నేను. నాకు ఒళ్లు మండింది. పిల్ల స్నానానికి వెళ్లగానే నీ స్వెట్టర్ తీసి నా చీరల కింద దాచేశాను.

వచ్చి సంచి చూసుకుంది.

"చిన్నమ్మా, అమ్మ స్వెట్టర్ ఏడవెట్టినవ్?"

"పాతది బిడ్డా, చలికి ఆగదు."

"తొడుక్కోను. తలకింద పెట్టుకుంట. కొత్త జాగల పండాలంటే భయమైతుంది."

భయమేస్తే నన్ను తలుచుకుంటుందనుకున్నాను అక్కా. నీ స్వెట్టర్ తెచ్చి, నేనే మడతపెట్టి సంచిలో పెట్టాను. దాని మీద నేను కొన్నది పెట్టాను. సంచి తెరవగానే ముందు నాదే చేతికి తగలాలి.