కిటికీలో పెద్దమనిషి

జనగామ,
ఫిబ్రవరి 24

చిరంజీవి ప్రభుదాసుకు, పెద్దక్క ఎస్తేరు దీవించి రాస్తున్నది.

నేను పెళ్లి చేసుకున్నాననే మాట నిజం కాదు.

మహబూబాబాద్‌లో మన మంజుల ఈ వార్తను చర్చి మెట్ల మీద నలుగురికి చెప్పిందట. ఆ నలుగురిలో ఒకామె నాకు శుభాకాంక్షలు చెప్పడానికి ఫోన్ చేయడంతో సంగతి నాదాకా వచ్చింది. వరుడు ఆంధ్ర ప్రాంతం వాడట. గొంతును బట్టి ఆరడుగుల మనిషట. కోపిష్ఠి అట. డెబ్బై ఏళ్లు దాటిన నాకు ఇంత వివరంగా సంబంధం చూసిన చెల్లెలికి నా కృతజ్ఞతలు చెప్పు. ఇరవై ఏళ్లప్పుడు ఎవరూ ఇంత శ్రద్ధ చూపలేదు.

జరిగింది ఇది. నీ కూతురు షారోన్ క్రిస్మస్‌కు వచ్చినప్పుడు తన పాత ల్యాప్‌టాప్ నాకు ఇచ్చి వెళ్లింది కదా. అందులో సినిమాలు వస్తాయి గాని, తెర చిన్నది. నా కళ్లకు మనుషులు చీమల్లా కనబడతారు. నా టీవీ పెద్దది గాని, పాతది. దానికి ఇంటర్నెట్ ఎక్కదు. రెండింటినీ ఒక తీగతో కలిపితే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఊరినీ ఊరినీ తీగలతో కలిపినదాన్ని. ఇంట్లో రెండు పెట్టెలను కలపడానికి ఒకరి అనుమతి దేనికి? బజారుకు వెళ్లి పొడవాటి హెచ్‌డీఎంఐ తీగ కొన్నాను. "పెట్టనీకె ఇంట్ల ఎవరన్న ఉన్నరా అవ్వా?" అని దుకాణదారు అడిగాడు. ఉన్నారన్నాను. నేను ఉన్నాను కదా.

ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చిపోయింది. ఛార్జర్ పెట్టి ఉంచితేనే నడుస్తుంది. ఛార్జర్‌కు పనికొచ్చే ప్లగ్గు ముందు గదిలో, వీధి కిటికీ పక్కన ఉంది. టీవీ నడిమి అర్రలో ఉంది. కాబట్టి ల్యాప్‌టాప్‌ను కిటికీలో పెట్టి, తీగను గుమ్మం దాటించాను. బొమ్మ టీవీలోకి చక్కగా వచ్చింది. మాట మాత్రం రాలేదు, కిటికీలోనే ఉండిపోయింది. నడిమి అర్రలో కూర్చున్న నాకు వినబడాలని దాని గొంతు పూర్తిగా పెంచాను. నాకు కొంచెం వినబడింది. వీధికి పూర్తిగా వినబడింది.

సినిమాలో ఒక ముసలి జమీందారు తన ఇల్లు ఖాళీ చేయనని అందరితోనూ పోట్లాడతాడు. కోస్తా యాస. పక్కింటి మరియమ్మకు నా కిటికీలోంచి మగవాడి అరుపులు వినబడ్డాయి. మిగతాది ఆమె, మంజుల ఫోన్‌లో కలిసి సమకూర్చుకున్నారు.

ఈ సంగతి ఫోన్‌లో ఎందుకు చెప్పలేదని అడుగుతావు. ఫోన్‌లో మాట ఎన్ని చెవుల గుండా పోతుందో నాకు తెలిసినంత నీకు తెలియదు. కాగితం మీది మాట పెరగదు, తరగదు. జవాబు కూడా కాగితం మీదే రాయి.

ఇట్లు,
నిన్న ఎట్లా ఉన్నదో నేడూ అట్లాగే ఉన్న
నీ పెద్దక్క ఎస్తేరు

తా.క.: మంజుల పెళ్లి కానుకగా దుప్పటి కొన్నదని విన్నాను. పెళ్లి లేదు గాని, దుప్పటి పంపమను.


భూపాలపల్లి,
మార్చి 2

పెద్దక్కకు ప్రభుదాసు దండం పెట్టి రాసేది,

నువ్వు ఫోన్ ఎత్తవు, వాట్సప్ చూడవు. రిటైర్మెంట్ దగ్గరబడ్డంక నాతోని మళ్ల చేతిరాత రాయిస్తున్నవు. క్వార్టర్ ముందట కూసోని రాస్తుంటె పక్కింటాయన "ఏందన్నా, రాజీనామానా?" అని అడిగిండు.

పెండ్లి కాలేదన్నవు, మంచిది. కని నాకొక్క అనుమానం. సినిమాలు చూసేటోళ్లు రోజుకొకటి చూస్తరు. మరియమ్మక్క చెప్పేదేందంటె, రోజు గదే మనిషి, గవే మాటలు, గదే కొట్లాట అట. నీ మరదలు ఏమన్నదో చెప్పాల్నా? "సినిమాల మనిషైతే ఒక్కపారి కొట్లాడి పోతడు. రోజు గదే మాట మీద కొట్లాడేటోడు మొగుడే అయితడు" అన్నది. ముప్పై ఏండ్ల అనుభవంతోని చెప్తున్నది, నేను కాదనలేకపోయిన.

ఇంకోటి, ఈస్టర్ ముందటి శ్రమదినాలల్ల సినిమాలేందక్కా?

ఇగ అసలు ముచ్చట. నువ్వు నా మీద కోపం చేస్తవని ఎరికే. గంత ఇంట్ల ఒక్కదానివే ఎందుకు? షారోన్ హైదరాబాద్‌ల చదువుతున్నది, మా క్వార్టర్ల ముందటి అర్ర ఖాళీగున్నది. జనగామ ఇల్లు కిరాయికిద్దాం, నువ్వు మా దగ్గర నిమ్మళంగ ఉండు. ఒక టీవీకి మాట తెచ్చుకునుడే ఇంత పరేషాన్ అయితుంటె, రేపు దవాఖాన అవసరం పడితె ఎట్ల?

షారోన్‌ను పంపిస్త, రెండు నిమిషాలల్ల పెట్టి పోతది. వద్దంటవా, అయితె పందెం. ఈస్టర్‌కు మేమందరం వస్తం. బొమ్మ, మాట రెండు టీవీలనే రావాలె, ఎవ్వరి సాయం లేకుంట. వస్తే ఇగ జన్మల నీ ఇంటి మాట ఎత్త. రాకుంటె నువ్వు సామాను కట్టాలె.

నీ తమ్ముడు,
ప్రభుదాసు

తా.క.: దుప్పటి మంజుల పంపదట. "పెండ్లి గాకుంటె నేనే కప్పుకుంట" అన్నది.


జనగామ,
మార్చి 9

చిరంజీవి ప్రభుదాసుకు,

పందెం ఒప్పుకుంటున్నాను. షారోన్ రావద్దు. ఆ పిల్ల మీద ప్రేమ లేక కాదు. వస్తే నిజంగానే రెండు నిమిషాల్లో పెట్టి వెళుతుంది, అది నాకు ఇష్టం లేదు.

రోజూ అదే మనిషి ఎందుకు అంటే, ల్యాప్‌టాప్‌కు నెట్ నా ఫోన్ నుంచే, రోజుకింత అని ఇచ్చే ఆ నెట్ సినిమా సగం కాకముందే అయిపోతుంది. మర్నాడు అక్కడి నుంచే చూడవచ్చని ల్యాప్‌టాప్ చెబుతుంది. కాని సగం నుంచి సినిమా చూడటం నా అలవాటు కాదు. టాకీసులో పేర్లు పడకముందే కూర్చున్న మనిషిని. అందుకని రోజూ మొదటి నుంచి చూస్తున్నాను. రోజూ జమీందారు గుమ్మంలో నిలబడి, "ఈ గడప దాటి లోపలికొచ్చినవాడు తన కాళ్ల మీద తిరిగి వెళ్లడు!" అని అరుస్తాడు. అక్కడికి నెట్ అయిపోతుంది. తరువాత ఏమైందో నాకూ తెలియదు, వీధికీ తెలియదు. మొన్న వీధి చివర చాయ దుకాణం పోశాలు, "అమ్మా, ఆయన ఇల్లు నిలవడ్డదా, పోయిందా?" అని దిగులుగా అడిగాడు. మరియమ్మ ఇప్పుడు ఆ వేళకు చిక్కుడుకాయలు తెచ్చుకొని తన అరుగు మీద కూర్చుంటున్నది. ఒకనాడు ఆలస్యం చేస్తే కిటికీలోంచి తొంగి చూసి, "ఇయ్యాల సారు లేడా?" అన్నది.

శ్రమదినాల్లో మాంసం మానాను. బుద్ధి మానలేదు.

మాట సంగతి చెబుతాను. టీవీ గొంతు పెంచి చూశాను. రాని మాటను ఎంత పెంచితే ఏం లాభం? తీగను టీవీ వెనుక ఇంకో రంధ్రంలోకి మార్చాను. అప్పుడు బొమ్మ కూడా పోయింది. మళ్లీ యథాస్థానంలో పెట్టాను. ఎక్స్ఛేంజిలో మొదటి రోజున మాకు నేర్పిన సూత్రం ఒకటుంది: మాట దారి తప్పితే ముందు తీగను అనుమానించకు, దాన్ని ఎటు పొమ్మన్నామో చూడు. నేను ఇంకా అది చూడలేదు. చూస్తాను.

ఇంటి విషయం ఒక్కసారే రాస్తాను. మన ఊరు తరిగొప్పుల నుంచి డిగ్రీ చదువుకు బస్సెక్కిన మొదటి ఆడపిల్లను. ఈ ఇల్లు నా జీతంతో కట్టుకున్నాను. ఏ గోడ ఎక్కడ ఉండాలో మేస్త్రీకి నేనే చెప్పాను. నన్ను తీసుకుపోయి ముందటి అర్రలో పెట్టుకుంటే నువ్వు మంచి తమ్ముడివి అవుతావు. నేను మాత్రం ఒకరింట్లో ముందటి అర్రను అవుతాను.

ఇట్లు,
సామాను కట్టని
నీ పెద్దక్క ఎస్తేరు

తా.క.: నా మరదలికి చెప్పు. రోజూ ఒకే మాట మీద పోట్లాడేవాడు మొగుడే కావచ్చు. కాని నేను నా వాణ్ణి మధ్యలో ఆపగలను.


భూపాలపల్లి,
మార్చి 18

పెద్దక్కా,

దండాలు తర్వాత. ముందుగాల ఆ మనిషెవరో చెప్పు.

సినిమా అన్నవు, నమ్మిన. నెట్ అయిపోతున్నదన్నవు, గది గూడ నమ్మిన. గిప్పుడు సురేందర్ చెప్పింది ఇన్నకాన్నుంచి నాకు బువ్వ పోతలేదు.

సురేందర్ మా దోస్తు తమ్ముడు. మంచి పిలగాడు, కొత్తగ పెండ్లయింది, జనగామకు బదిలీ అయిండు. సోమవారం పగటీలి నీ గల్లీకి వచ్చిండు. పోశాలు దుకాణంల చాయ తాగి, ఇల్లు అడిగి, నీ గేటు తీసి, మెట్ల కాడ మర్యాదగ చెప్పులు ఇడిసిండు. గంతే, కిటికీలకెళ్లి మగమనిషి గొంతు. "ఈ గడప దాటి లోపలికొచ్చినవాడు తన కాళ్ల మీద తిరిగి వెళ్లడు!" పాపం సురేందర్ ఆగి, "సార్, నన్ను ప్రభుదాసన్న పంపిండు" అన్నడట. మళ్ల గదే మాట. "జర ఇల్లు చూసి పోత సార్" అన్నడట. మళ్ల గదే మాట, గదే గొంతు, ఊపిరి గూడ మారలేదట. ఇగ వాడు చెప్పులు అక్కన్నే ఇడిసి ఉరికిండు. బస్టాండ్ దాకా ఉత్త కాళ్లతోని.

నువ్వే చెప్పక్కా. సినిమాల మనిషి గేటు సప్పుడు ఇని మాట్లాడుతడా? ఇంటికొచ్చినోనికి జవాబు చెప్తడా?

నేనేం తప్పు చేసిన? ఈస్టర్ అయినంక ఎట్లన్న నువ్వు మా దగ్గరికే వస్తవు, మంచి కిరాయిదారుని ముందుగాల్నే చూసి పెడదామనుకున్న. జర చూసి రమ్మన్న, వాళ్ల మంచం పడ్తదో లేదో కొలుసుకోమన్న, గంతే. కిరాయికి ఇచ్చినట్టా గది?

ఈస్టర్ దాకా ఆగేది లేదు. నెలాఖరుకు నేను, మంజుల వస్తున్నం. ఆ సారు ఇంట్లనే ఉండాలె. నేనే మాట్లాడుత.

నీ తమ్ముడు,
ప్రభుదాసు

తా.క.: సురేందర్ చెప్పులు నీ మెట్ల కాడ ఉన్నయట. పెండ్లికి పెట్టినయి. పారెయ్యకు.


జనగామ,
మార్చి 24

చిరంజీవి ప్రభుదాసుకు,

ఆ మనిషెవరని అడిగావు. నా ప్రశ్న అంతకంటే చిన్నది. పందెం గడువు ఉండగానే, నా ఇంట్లో ఎవరి మంచం పడుతుందో కొలుచుకోమని ఒకరిని పంపినవాడెవరు? జవాబు రాయనక్కరలేదు. సంతకంతో సహా నువ్వే రాసి పంపావు.

ఇక నీ ప్రశ్న. కిందటి ఉత్తరం పోస్టులో వేసి వచ్చిన సాయంత్రమే, మాటను ఎటు పొమ్మన్నామో చూశాను. ల్యాప్‌టాప్ తెర కింది మూలన స్పీకర్ బొమ్మ ఉంటుంది. అది నొక్కితే రెండు పేర్లు కనబడ్డాయి. ఒకటి ల్యాప్‌టాప్‌ది, ఒకటి నా టీవీది. టీవీ పేరు నొక్కాను. జమీందారు లేచి నడిమి అర్రలోకి వచ్చాడు. షారోన్ లేదు, దుకాణదారు లేడు, నేనే ఉన్నాను. పందెం ఆనాడే ముగిసింది. ఈస్టర్ రోజున నీ ముఖం చూడాలని ఎవరికీ చెప్పలేదు. వీధి మాత్రం చిన్నబోయింది; "సారు ఊరికి పోయిండా?" అని మరియమ్మ అడిగింది.

సోమవారం పగలు పోశాలు దుకాణం వదిలి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నువ్వు ఇల్లు ఖాళీ చేస్తున్నవా? ఎవరో ఒకాయన కిరాయికి చూడనీకె వచ్చిండు. నా దుకాణంలనే చాయ తాగుతుండు."

"నేను ఎక్కడికీ పోవడం లేదు. ఆయనకు ఇంకో చాయ ఇవ్వు" అన్నాను.

ఆ రెండో చాయ అయ్యేలోగా మాటను మళ్లీ కిటికీలోకి పంపి, గొంతు పూర్తిగా పెంచి, జమీందారును గడప దగ్గరికి తెచ్చి ఆపి ఉంచాను. రోజూ చూస్తున్న సినిమా. ఆ మాట ఎక్కడుందో కళ్లు మూసుకొని చెప్పగలను. గేటు చప్పుడు కాగానే వదిలాను. అబ్బాయి ఏదో అన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ వదిలాను. ఇంకేదో అన్నాడు. మళ్లీ తిప్పాను. ఊపిరి కూడా మారలేదని అతను గమనించడం మెచ్చుకోదగిన విషయం. బుద్ధి చురుకైనదే, కాళ్లే దానికంటే చురుకైనవి. జమీందారు మాట కూడా నిజం కాలేదు, అబ్బాయి తన కాళ్ల మీదే తిరిగి వెళ్లాడు.

ముప్పై ఏళ్లు ఇతరుల మాటలు ఇతరులకు కలిపాను. ఒక్కసారి నా కోసం ఒకటి కలుపుకున్నాను. తప్పనిపించలేదు.

నెలాఖరుకు మీరిద్దరూ తప్పకుండా రండి. ఆ రోజుకని నెట్ అదనంగా వేయించాను. సినిమా చివరిదాకా చూద్దాం. మరియమ్మ, పోశాలు కూడా వస్తామన్నారు. జమీందారు ఇల్లు నిలబడుతుందో లేదో నాకు తెలియదు. ఎవరైనా ముందే చూసి ఉంటే చెప్పవద్దు.

ఇట్లు,
ఇంకా పెళ్లి కాని
నీ పెద్దక్క ఎస్తేరు

తా.క.: చెప్పులు భద్రంగా ఉంచాను. నాలుగు రోజుల తరువాత వాటి కోసం సురేందర్ వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. అతని భార్య రజని మాత్రం నేరుగా లోపలికి వచ్చింది. ఆ అమ్మాయికి ల్యాప్‌టాప్ చూపించి జరిగింది చెప్పాను. కుర్చీ పట్టుకొని నవ్వింది. కొత్త ఊళ్లో భర్త డ్యూటీకి పోతే పగలంతా ఒక్కతే ఉండాలట. వెళ్లేముందు, "అమ్మా, మేం ఈడ దిగితె ఆ పెద్దమనిషిని పగటిపూట జర కిటికీలనే ఉంచుండ్రి, నాకు ధైర్యముంటది. మా ఆయన ఇంటికొచ్చినంక మనిద్దరం గలిసి బంద్ చేద్దాం" అన్నది. ఇట్లా ఆలోచించగలిగిన మనిషి పక్కన ఉండటం మంచిది. నా ఇంటి వెనుక వాటా ఎన్నో ఏళ్లుగా ఖాళీగానే ఉన్నది. నేను ఒక్కదాన్నే ఉన్నానన్న నీ దిగులూ తీరాలి. ఇల్లు కిరాయికివ్వమన్న నీ సలహా కూడా వృథా పోగూడదు. ఇది నీ అభిప్రాయం కోసం రాయడం లేదు. వాళ్ల సామాను నిన్ననే దిగింది. మంచం సరిగ్గా సరిపోయింది.