వెనక సీటు పంచాయితీ

ఏప్రిల్ 9, 2025, బుధవారం

నా పేరు కుంజా చిన్నక్క. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో ఆధార్ కార్డు తీసినవాడికే తెలియాలి. ఇంట్లో నేను, చిన్నకొడుకు వీరబాబు, వాడి భార్య కళావతి, పెద్దకోడలు దుర్గ. పెద్దకొడుకు బాలకృష్ణ పోయి మూడేళ్లు. వాడు ఖమ్మంలో కిరాయికి నడిపిన పాత హైబ్రిడ్ కారు, సగం పెట్రోలుతో సగం బ్యాటరీతో నడిచేది, మాత్రం వాకిట్లో ఉంది.

నాకు రాత రాదు. పక్కింటి మరియ రాస్తోంది. తిట్లు రాయనంది. తిట్లు లేకుంటే అది నా ఫిర్యాదే కాదన్నాను. రాస్తోంది.

దుర్గకు కిడ్నీలు పోయాయి. మంగళవారం, శుక్రవారం భద్రాచలం దవాఖానాలో డయాలసిస్. మా గూడేనికి బస్సు రాదు. ఆ కారే దాని ప్రాణం. వీరబాబు దాన్ని అమ్మి ట్రాలీ ఆటో కొంటాడట. ఇరవై ఒకటిన పంచాయితీ. జంపయ్య పెద్దమనిషి. ఆ రోజు నా మాట ఎవరూ తిప్పకుండా ఇప్పటి నుంచే రాయిస్తున్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

భద్రాచలం దారిలో సారపాక రాకముందే కారులో ఎర్ర లైటు వెలిగింది. బ్యాటరీ కాగిపోయిందట. బండి ఆగింది. మిర్చి బస్తాల ట్రాక్టరు ఆపి, ఆ ఘాటులో దుర్గను బస్తాల మీద కూర్చోబెట్టి తీసుకుపోయాను. చల్లారాక బండిని ఇంటికి తెచ్చిన వీరబాబు ముఖంలో చెమట కూడా లేదు. “చూసినవా అమ్మా, ఇది బండి గాదు, శవం” అన్నాడు.

“శవమైతే పాడె మొయ్యిరా. బేరం పెడతవేంది?” అన్నాను.

ఏప్రిల్ 12, శనివారం

వీడి పొదుపు రాయిస్తాను, వినండి. ఆయిల్ మార్చమంటే, ఇంజన్ సగం సేపు పండుకుంటది గదా, ఎందుకే అంటాడు. బ్రేకులు చూపించమంటే, కరెంటే ఆపుతది, బ్రేకు అరగదంటాడు. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోశాడు. ఎద్దుకు మేత ఆపి మిగిల్చానని చెప్పుకునే రైతు ఉంటాడా? ఉన్నాడు. నా కడుపునే పుట్టాడు.

బాలకృష్ణ ఏటా వానలకు ముందు వెనక సీటు పక్కనున్న జాలీ విప్పి కడిగేవాడు. బ్యాటరీ అక్కడి నుంచే ఊపిరి పీలుస్తుందట. దానికి రూపాయి ఖర్చు లేదు. ఒళ్లు వంచాలి, అంతే.

ఏప్రిల్ 13, ఆదివారం

వాన. ఆరబోసిన ఇప్పపువ్వు తడవబోయింది. ఈ ఏడు ఇది నాలుగోసారి. ఎప్పటిలాగే కాపాడుకున్నాను. ఎక్కడ పోశానో రాయకు మరియా అన్నాను. చదివించుకుంటే ఆ మాట కూడా రాసి ఉంది.

ఏప్రిల్ 15, మంగళవారం

వీరబాబు ఖమ్మం షోరూంకు ఫోన్ చేశాడు. బ్యాటరీ మొత్తం మార్చాలేమో, దాని ధరకు ఈ కారే రాదన్నారట. మధ్యాహ్నానికల్లా మధిర నుంచి బేరగాడు దిగాడు. బానెట్ మీద కొట్టి చూశాడు, గేదె వీపు కొట్టినట్టు. నేను వెనక సీటెక్కి లోపల లాక్ వేసుకున్నాను. దిగమని వీరబాబు అద్దం బాదాడు. “నాతోని కలిపి అమ్ము, ధర ఎక్కువొస్తది” అన్నాను. కళావతి నవ్వుకుంటూ కిటికీలోంచి అన్నం అందించింది. బేరగాడు ఎండ తగ్గేదాకా చూసి పోయాడు.

దుర్గ ఈ గోలలో కిరాయి ఆటోలో పోయి వచ్చింది. గుంతలకు వెన్ను పట్టేసిందట.

ఏప్రిల్ 18, శుక్రవారం

మరియ సాయంత్రం వచ్చింది. వాళ్ల దేవుడు ప్రాణం విడిచిన రోజట, పొద్దంతా చర్చిలో ఉంది.

దుర్గ ఇవాళ పోనంది. “నా గురించి తల్లీకొడుకులు కొట్టుకునుడు నేను చూడలేను” అంది. నోరు మూసుకుని ఆటో ఎక్కమన్నాను. గోడకేసి తిరిగి పడుకుంది. కాళ్లు వాచాయి. ముఖం కూడా వాస్తోంది.

వీరబాబు మీద చెప్పు విసిరాను. “మీ అన్న తీసే జాలీ తియ్యరా! ఒక్కసారి తియ్యరా!” అని వాడకట్టంతా వినేలా అరిచాను.

ఏప్రిల్ 19, శనివారం

తీశాడు. నా నోరు మూయించడానికే తీశాడు.

పొద్దున్నే వాడకట్టును పిలిచాడు. కారు ఆపి చాలాసేపు ఉంచాడు. కరెంటు కొట్టే నారింజ రంగు వైర్లు ముట్టొద్దని అన్న చెప్పింది మాత్రం గుర్తుంది వెధవకు. సీటు పక్కన జాలీ ఊడదీశాడు. వెనకనున్న చిన్న ఫ్యాను కనిపించలేదు. నల్లగా, బెల్లం పాకం గడ్డకట్టినట్టు ఉంది. పుల్లతో గీకి చాటలో పోసి నా ముందు పెట్టాడు. వాసన నాకంటే ముందు కళావతి పట్టింది. ఇప్పపువ్వు.

“తలుపులేసిన కారు ఎండకు పెనమైతది, వానొచ్చినా పువ్వు ఆరుతదని సీటంతా పోసినవు గదా! నువ్వే చంపినవే దీన్ని!” అన్నాడు. అందరూ నన్నే చూశారు.

“ఆ జాలీ మూడేండ్లల్ల ఎన్నడన్న తీసినవా? తీసుంటే ఒక్క గుప్పెడు పువ్వుకే తెలిసేది గదా!” అన్నాను. కళావతి, “ఇద్దరూ ఒక్క చెట్టు పువ్వులే” అంది. దాన్నీ తిట్టాను.

అప్పుడు దుర్గ గుమ్మం పట్టుకుని బయటికొచ్చింది. మనిషి రొప్పుతోంది. “తప్పెవరిదో సోమవారం తేల్చుకోండ్రి. నన్ను ఇయ్యాల తీస్కపోండ్రి” అంది.

వీరబాబు పాత బ్రష్షుతో ఫ్యాను రెక్కలన్నీ తోమాడు. సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. నేను కొంగుతో జాలీ తుడిచాను. వాడు వద్దనలేదు. బిగించి స్టార్ట్ చేస్తే కాసేపు ఎర్ర లైటు వెలిగింది. తర్వాత ఆరిపోయింది.

సారపాక దాటాం. గోదారి వంతెన దాటాం. ఆగలేదు. దవాఖానాలో రోజు తప్పి వచ్చినందుకు నర్సు మమ్మల్ని తిట్టి, దుర్గను మిషను మీదికి తీసుకుంది. ఆ తిట్టుకు మాత్రం నేను ఎదురు చెప్పలేదు.

ఏప్రిల్ 21, సోమవారం

పంచాయితీ తేల్చింది. కారు అమ్మరు. వీరబాబు నెలనెలా నా ముందే జాలీ తీయాలి. తాళం నా రొండినే ఉంటుంది.

తప్పు నాదేనని ఒక్క మాట చెప్పమన్నాడు జంపయ్య. రాయి మరియా, అన్నాను. పువ్వు అడవిది. జాలీ వీడిది. దుర్గ నాది.

కుంజా చిన్నక్క, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు: జంపయ్య, మరియ, వీరబాబు (వద్దన్నా పెట్టాడు)