మూడో అధ్యాయానికి సాక్షి

ప్రియమైన వదినకి,

ఈ రాత చూసి ఎవరో చీమ కాళ్ళకి సిరా పూసి వదిలారనుకోకు. నేనే. నా ఫోను విచారణ అధికారులు పట్టుకెళ్ళారు. ఇంకొకరి ఫోన్లో మాట్లాడొద్దని లాయరు కట్టడి చేశాడు. అందుకని పెన్ను పట్టాను.

సంగతి అన్నయ్య సగం చెప్పే ఉంటాడు. మా కంపెనీలో పిల్లల దగ్గు మందు తయారవుతుంది కదా, దాన్ని పరీక్ష చేసి సంతకం పెట్టే గదిలో నా ఉద్యోగం. పోయిన నెల ఒక విడత మందు పరీక్షలో తప్పింది. కలవకూడనిది కలిసింది. మా ఇన్‌చార్జి మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ తప్పింది. పాసయ్యేదాకా చేస్తూనే ఉండమన్నాడు. నా వల్ల కాదంటే ఇంకొకరి చేత సంతకం పెట్టించి సీసాలు లారీ ఎక్కించేశారు. లోపలి సంగతులు బయట చెప్పనని ఉద్యోగంలో చేరేటప్పుడు రాసిచ్చాను. అయినా చెప్పాను. పేపర్లో వచ్చింది. సీసాలన్నీ దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు, ఏ పిల్లకీ ఏమీ కాలేదు. కాని మర్నాడు జనం ఫ్యాక్టరీ మీద పడ్డారు. గేటు దగ్గర కాపలా ఆయన్ని చావబాదారు. పాపం, ఆయనకేం తెలుసు. ఆ సాయంత్రమే, విచారణ తేలేదాకా రావొద్దని నన్ను ఇంటికి పంపించేశారు.

ఈ నెలాఖరున విచారణ. గెలిస్తే ఉద్యోగం నిలుస్తుంది. ఓడితే ఉద్యోగంతోపాటు మందులు పరీక్ష చేసే లైసెన్సూ పోతుంది, ఇక ఏ ల్యాబూ నన్ను గడప తొక్కనివ్వదు. కంపెనీ పెట్టిన కేసు వేరే ఉంది, అందులో జైలు మాట కూడా వినబడుతోంది. కోపంతోనో తొందరపాటుతోనో కాక, బాగా ఆలోచించి, మనస్సాక్షి ప్రకారం చేశానని చూపిస్తే బయటపడతానని లాయరు అన్నాడు. అప్పుడు చెప్పాను, మా వదిన రాసిన నీతిశాస్త్రం పుస్తకం చదివే చేశానని. హాని దాచడానికి తీసుకున్న మాట మాటే కాదు, దాన్ని తప్పినవాళ్ళు ఆ తర్వాత జరిగేవాటికి జవాబుదారులు కారు అని మూడో అధ్యాయంలో రాశావు కదా. లాయరు కుర్చీలోంచి లేచాడు. కాలేజీల్లో పాఠం చెప్పే పుస్తకం, రాసినావిడ సొంత వదిన, ఇంకేం కావాలన్నాడు. నువ్వొచ్చి ఆ అధ్యాయం సరైనదేనని చెప్పాలి. అంతే.

ఉప్పు సరిపోయిందా అంటే సరిపోవడమంటే ఏమిటని అడిగే మనిషివి. అక్కడ మాత్రం ప్రశ్నకి ప్రశ్న వెయ్యకు, నీకు పుణ్యముంటుంది.

నీ ముద్దుల మరదలు

* * *

నా పిడుగుకి,

నీ ఉత్తరం మీ అన్నయ్య చేతికిచ్చాను. చదివి బయటికెళ్ళి, చాలాసేపటికి తిరిగొచ్చి, వదిన వస్తుందని రాసెయ్యి అన్నారు. నేను రాయలేకపోయాను.

ఎటు తిప్పి చెప్పినా ఒకటే కనక సూటిగా చెబుతున్నాను. ఆ మూడో అధ్యాయాన్ని నేనిప్పుడు నమ్మడం లేదు.

అది రాసినప్పుడు నాకు ముప్ఫై నిండలేదు. బల్ల ముందు కూర్చుని మనుషుల్ని నేనే పుట్టించి, కష్టాలు నేనే పెట్టి, తీర్పులూ నేనే చెప్పేదాన్ని. నా ఉదాహరణల్లో నిజం బయటపెట్టినవాడు ఇంటికెళ్ళి హాయిగా పడుకునేవాడు. నిజంగా అలా చేసినవాళ్ళని తర్వాత చాలామందిని కలిశాను. వాళ్ళలో హాయిగా పడుకున్నవాళ్ళు లేరు. నిజం చెప్పడం సరైనదే అయినా, దాని వెనక వచ్చేదాంట్లో చెప్పినవాళ్ళకి వాటా ఉంటుందని, ఆ వాటా గురించి చెప్పకుండా ఎవర్నీ ఎగదోయకూడదని ఇప్పుడనుకుంటున్నాను. ఇదంతా కొత్త పుస్తకంలో రాశాను, నా పాత అధ్యాయం తప్పని పేరు పెట్టి మరీ. అది అచ్చులో ఉంది. నీ విచారణకి ముందే వచ్చేస్తుంది.

నువ్వు చేసింది తప్పని నేననడం లేదు. నా వాదన తప్పంటున్నాను. ఈ రెంటికీ తేడా ఉంది, కాని విచారణ గదిలో ఆ తేడా ఎవరికి కావాలి? అవతలి లాయరు కొత్త పుస్తకం చేత పట్టుకుని అడిగితే నేనేమనాలి?

ఇంకొకటి రాయకుండా ఉండలేను. నా మాట నమ్మి నువ్వు నూతిలో దూకావు. నేను లోతు చూడకుండానే దూకొచ్చని రాశాను.

వదిన

* * *

గౌరవనీయులైన తత్వవేత్త గారికి,

మీ ఉత్తరం అందింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. నా కొంప అంటుకుంటే మీరు వాదనల్లో తేడాలు వెతుక్కుంటున్నారు.

నేను అబద్ధమాడమనడం లేదు. పుస్తకం ఒక్క నెల ఆపండి చాలు. ఇన్నేళ్ళు తప్పుగా ఉన్న అధ్యాయం ఇంకో నెల తప్పుగా ఉంటే లోకం మునగదు. ఆపకపోతే నేను మునుగుతాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మీద మీ పుస్తకాల నిండా ఎంత జాలి! ఇంట్లోవాళ్ళ దగ్గరికొచ్చేసరికి అయిపోయిందా?

సాక్షుల్లో లాయరు మీ పేరు రాసేశాడు. రావడం, రాకపోవడం మీ ఇష్టం.

ఇట్లు,
మీ ఉదాహరణల్లో ఒకతె

* * *

ప్రియమైన పిడుగుకి,

తిట్లు సరే, పడతాను. ఆ ‘మీరు’ మాత్రం తిన్నగా వచ్చి తగిలింది.

పుస్తకం ఆపించాను. ప్రెస్సుకి నేనే వెళ్ళాను. అప్పటికే సగం అచ్చయి, మడతలు పడి, గోడవారన కట్టలుగా పేర్చి ఉంది. పబ్లిషరు కారణమడిగాడు. ఒంట్లో బాగాలేదన్నాను. ఇన్నేళ్ళు అబద్ధాల మీద పాఠాలు చెప్పినదాన్ని, ఎంత తేలిగ్గా వచ్చిందో చూడు. ఆయన కుర్చీ జరిపి, మంచినీళ్ళు తెప్పించి, పుస్తకానికేం తొందర, ముందు మీరు కోలుకోండి అన్నాడు. ఆ నీళ్ళు తాగలేక తాగాను.

మీ అన్నయ్య పరిస్థితి కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఎన్నడూ గొంతు పెంచని మనిషి మొన్న అన్నం ముందు కూర్చుని, “నా చెల్లెలికి అక్కరకి రాని ధర్మం మనింట్లో ఎందుకు?” అన్నారు. మామూలప్పుడైతే నన్ను ఓడించినందుకు వారం రోజులు సంబరపడేవారు. ఇప్పుడు కంచం తీసుకుని లేచిపోయారు.

వస్తాను. మీ లాయరు అడిగినవాటికి జవాబిస్తాను. కాని ఆ అధ్యాయాన్ని ఇంకా నమ్ముతున్నారా అని అవతలాయన సూటిగా అడిగితే ఏమంటానో నాకే తెలియదు. ప్రమాణం చేసి అబద్ధమాడితే ఇక నేను ఏ క్లాసులోనూ నిలబడలేను. నిజం చెబితే నా చేత్తో నిన్ను తోసినట్టు. అద్దం ముందు నిలబడి రెండు జవాబులూ చెప్పి చూసుకున్నాను. రెండూ తడుముకోకుండా వస్తున్నాయి. నాకు భయం అందుకే.

వదిన

* * *

పిడుగూ,

విచారణ గది బయట వరండాలో పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడ్డాను. నా పేరు పిలవలేదు. సాయంత్రం అటెండరు వచ్చి ఇక సాక్షులు అక్కర్లేదట, వెళ్ళిపోవచ్చు అన్నాడు. నువ్వు రెండో గుమ్మంలోంచి వెళ్ళిపోయావని మీ లాయరు నా మొహం చూడకుండా చెప్పాడు. నా పుస్తకం సంగతి వాళ్ళకి తెలిసిపోయిందా? నా వల్లే పోయిందా? కోపముంటే తర్వాత తీరిగ్గా తిట్టుకో. ముందు ఏం జరిగిందో ఒక్క ముక్క రాయి.

వదిన

* * *

ప్రియమైన వదినా,

ముందు ఫలితం చెబుతాను. ఉద్యోగం పోయింది. లైసెన్సు ఏడాది పాటు ఆపారు, మొత్తానికి తీసెయ్యలేదు. కేసు ఇంకా నడుస్తుంది.

నిన్ను పిలవొద్దని చెప్పింది నేనే. లాయరు నెత్తి బాదుకున్నాడు. నువ్వా కుర్చీలో కూర్చుని నిజం చెబితే, నన్ను ముంచానని బతికినన్నాళ్ళూ కుమిలిపోతావు. అబద్ధం చెబితే నువ్విక నువ్వు కావు, అన్నయ్య ఇంటికి తీసుకెళ్ళేది ఇంకెవర్నో. ప్రెస్సులో నువ్వాడిన ఆ చిన్న అబద్ధం చదివినప్పుడే నిన్ను అనవసరంగా ఇందులోకి లాగానని తెలిసింది. ఎందుకంటే వదినా, నేను నీ మూడో అధ్యాయం చదవనే లేదు.

నువ్విచ్చిన పుస్తకం చదవడం మొదటి అధ్యాయం సగంలోనే ఆగిపోయింది. ఏమనుకోకు, చాలా కష్టంగా రాశావు. మూడో అధ్యాయంలో ఏముందో నువ్వూ అన్నయ్యా వాదించుకుంటుంటే పక్క గదిలోంచి విన్నదే. ఆలోచించి చేసినట్టు చూపించాలని లాయరు అనగానే నోటికి దొరికిన పుస్తకం అది. ఆ ఒక్క మాట మీద ఆయన కోట కట్టేశాడు. తర్వాత నాకు దిగే దారి కనబడలేదు. నీ మీద అంత కోపం వచ్చిందీ అందుకే. కోపం చల్లారితే నిజం చెప్పాల్సొస్తుంది కదా.

ఎన్నాళ్ళు ఆలోచించి ఈ నిర్ణయానికొచ్చారని విచారణలో అడిగారు. లాయరు నేర్పిన జవాబు నోట్లోనే ఉంది. మింగేసి జరిగింది చెప్పాను. సీసాలు బయటికెళ్ళాక ఒక రోజు మా మెట్ల దగ్గర పక్కింటావిడ ఎదురైంది. చంకలో పిల్ల, చేతిలో మా కంపెనీ సీసా. “నువ్వు చేసేది అక్కడే కదమ్మా, ఇది పట్టొచ్చా?” అంది. పట్టండి అంటే అయిపోయేది. సీసా లాక్కుని మోరీలో పారబోశాను. ఎందుకని ఆవిడ అడిగితే చెప్పేశాను. సాయంత్రానికి పేపరువాళ్ళొచ్చి అడిగితే అవునన్నాను. ఆలోచనా లేదు, ధైర్యమూ లేదు. రాసిచ్చిన కాగితం ఆ క్షణాన గుర్తే రాలేదు.

విచారించేవాళ్ళలో ఒకావిడ “ఈ జవాబు మీకు సాయపడదని తెలుసా?” అంది. తెలుసన్నాను.

మర్నాడు కాపలా ఆయన్ని చూడ్డానికి వెళ్ళాను. చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. వాళ్ళావిడ నాకు కుర్చీ వేసి, ఆయనకి అన్నం కలిపి నోట్లో ముద్దలు పెట్టింది. నువ్వు రాసిన ఆ వాటా ఏమిటో అక్కడ కూర్చున్నాక అర్థమైంది. మళ్ళీ వెళతాను. కొత్త పుస్తకం మాత్రం నిజంగానే చదువుతాను, వెంటనే బయటికి వదిలెయ్యి.

నిన్న అన్నయ్య వచ్చాడు. ఇన్నాళ్ళుగా నువ్వు తిండీ నిద్రా మానేశావని చెప్పాడు. నీ మాట నమ్మి నేను దూకలేదు వదినా. దూకినప్పుడు నువ్వు నాకు గుర్తే లేవు. నీ అధ్యాయాన్ని నమ్మి మునిగినవాళ్ళు ఎక్కడైనా ఉంటే వాళ్ళకోసం బాధపడు. నా కోసం మాత్రం కడుపునిండా తిని పడుకో.

నీ పిడుగు