దస్తీ వేసిన కుర్చీ

సత్తెమ్మా,

నీ తెలంగాణ వచ్చింది. ఒక్క ఏడాది ఆగి ఉంటే చూసేదానివి. తొందర నీకు పుట్టుకతోనే వచ్చింది.

ఆ సంబరానికి నిన్న మన స్నేహితురాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో మనం ఎప్పుడూ కూర్చునే హోటల్‌కు పిలిచారు. ఎల్బీనగర్ నుంచి ఆటోలో వెళ్లానే గాని, మీ నల్గొండ వాళ్ల పండగలో ఈ గుంటూరు ముసలిదానికి చోటుంటుందా అని గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం.

ఇంతలో మన నర్సమ్మ కేక వేసింది. "ఏందక్కా గట్ల నిలవడ్డవ్? దస్తీ ఏసి నీ కుర్చీ ఆపిన, జల్ది రా!"

నిజమే. బస్సులో సీటుకు వేసినట్టు కుర్చీలో చేతిరుమాలు వేసి ఉంచింది.

"ఇక మమ్మల్ని పొమ్మంటారేమో అనుకున్నానే."

"నువ్వు వోతే మాతోని కొట్లాడెటోళ్లెవరు?"

హోటలంతా తిరిగి చూసేలా నవ్వాం. నీలాగే చాయ్ సాసర్‌లో పోసుకుని జుర్రాను. బాగానే ఉంది, పొంగిపోకు.

అంతలో ఒకాయన వచ్చి నా పక్క కుర్చీ లాగబోయాడు.

"మనిషుంది నాయనా. దస్తీ కనబడటంలేదూ?" అన్నాను.

ఆ దస్తీ నాదే.

నీ కామాక్షి