టీకా లైన్ల ఎల్లమ్మవ్వ చెప్పులు

మర్రిగూడ, మే నెల, శనివారం

డైరీల నాకు నేనే రాసుకుంటున్న: నువ్వు సుత దొంగవే. ఫోన్‌ల స్లాట్ బుక్ చేసుకొని టీకా ఏయించుకున్నవు. పక్కింటి ఎల్లమ్మవ్వకు మాత్రం "పొద్దుగాల్నే పోయి లైన్ల ఉండు" అని చెప్పినవు. ఆమె కొడుక్కు కరోనా, వండిపెట్టేది ఆమెనే.

ఫ్లోరైడ్ నీళ్లతోని వంగిన కాళ్లు, ఎక్కువసేపు నిలబడలేదామె. యూరియా బస్తాల లైన్ల పెట్టినట్టే, తన వంతుకు గుర్తుగ చెప్పులు పెట్టి పక్కకు కూసున్నది. పట్నం నుంచి ఫోన్ల స్లాట్లు పట్టుకొని కార్లల్ల వచ్చినోళ్లు ఆ చెప్పులు దాటుకుంట పోయి టీకా ఏయించుకున్నరు.

"నా చెప్పులే ముందున్నయి గద బిడ్డా?"

"చెప్పులకు స్లాట్ ఉండదవ్వా. మందు అయిపోయింది, పో," అన్నది నర్సు.

మన దవాఖానకు మందొచ్చిన సంగతి పట్నపోళ్లకు అంత జల్ది ఎవరు చెప్పిండ్రు? నాకైతే దవాఖాన లోపలోళ్ల మీదనే అనుమానం.

రేపు కాయితం మీద రాసి దవాఖాన పెద్ద డాక్టరుకు ఇయ్యాలె:
ఫోన్ లేనోళ్లకు సుత టీకా వెయ్యాలె.
మందు ముందుగాల ఈ మండలపోళ్లకే.
నడవలేనోళ్లకు ఇంటికొచ్చి వెయ్యాలె, సోమవారమే, ఎల్లమ్మవ్వతోని మొదలుపెట్టి.