అత్తయ్యకి నచ్చే హోటల్

మార్చి 2
పదిహేనో తారీఖుకి అత్తయ్యకి అరవై నిండుతాయి. తైపే నుంచి వదిన ఫోన్ చేసింది. ఆ రోజు అమ్మ పొయ్యి ముట్టించడానికి వీల్లేదు, అందరం రెస్టారెంట్‌లో తిందాం, మన తైనాన్‌లో ఏది మంచిదో ఊళ్లో ఉన్నదానివి నువ్వే చూడు అంది. సరే అన్నాను. ఎవరేమన్నా సరే అనడమే నాకు వచ్చు.

బయట తిండి తింటే పేగులు పాడవుతాయి, నేను జన్మలో తినలేదు అంది అత్తయ్య.

పుట్టినరోజంటే పంది కాళ్ల పులుసు, సన్న నూడుల్స్ తప్పవు. అత్తయ్య పులుసంటే మా వీధంతా పేరు. నేర్పమంటే, అది చేతిలో ఉండాలే, నేర్పితే రాదు అంటుంది. వండే రోజు నన్ను గుడికి పంపేస్తుంది. పక్కన మనిషి ఉంటే రుచి పోతుందట. నేను ఒక్కసారి చేశాను. మా ఆయన తిని మంచినీళ్లు అడిగాడు.

మార్చి 4
మంచి హోటల్ ఎలా కనిపెట్టాలని ఆయన్ని అడిగాను. పేపర్ దించకుండానే, క్యూ పొడుగ్గా ఉన్నచోట నిలబడు అన్నాడు.

మార్చి 5
నిలబడ్డాను. లోపల ఏం బాగుంటుందండీ అని ముందాయన్ని అడిగే ధైర్యం వచ్చేసరికి సగం క్యూ కదిలింది. ఆయనకీ తెలియదట. ఇంతమంది ఊరికే నిలబడతారా అన్నాడు. లోపల సబ్బులు ఉచితంగా ఇస్తున్నారు. రెండు తెచ్చుకున్నాను.

మార్చి 8
పక్కింటి లియావ్ పిన్ని నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. పిచ్చిదానా, క్యూ కట్టేది పొరుగూరి వాళ్లు, ఊళ్లోవాళ్లు ఇంటినుంచి గిన్నె పట్టుకెళ్లి తెచ్చుకుంటారు, గిన్నెలు ఎటు పోతే నువ్వూ అటే పో అంది.

మార్చి 9, మధ్యాహ్నం
పులుసు వండాలని అత్తయ్య నన్ను గుడికి పంపింది. నేను గిన్నెల వెంట పోయాను. చేపల మార్కెట్ వెనక సందులో ఒక కొట్టు. బోర్డు లేదు. మూల బల్ల దగ్గర కూర్చుని ఒక చెంచా పులుసు నోట్లో పెట్టుకున్నాను. అచ్చం అత్తయ్య పులుసు.

తలెత్తితే కౌంటర్ మీద ఆకుపచ్చ గిన్నె. పిడికి నేను చుట్టిన ఎర్ర గుడ్డ. గిన్నె వెనక అత్తయ్య. కిందటిసారి ఉప్పెక్కువేశావయ్యా, ఇంట్లో మాట పడ్డది నేను అంటోంది కొట్టాయనతో.

చెప్పు వెతుక్కుంటున్నట్టు బల్ల కింద దూరాను.

సాయంత్రం
అమ్మ చెయ్యి ఈ రోజు సరిగ్గా పడింది అన్నాడు మా ఆయన, రెండోసారి వేయించుకుంటూ.

మార్చి 12
ఊళ్లోకెల్లా మంచి హోటల్ దొరికింది. అక్కడికి తీసుకెళ్లకూడదు. ఒక్క ముక్క తింటే వదిన పట్టేస్తుంది. అరవయ్యో ఏట అత్తయ్య పరువు పోతుంది.

అందుకని గిన్నె పట్టుకుని ఒక్కరూ రాని హోటల్ కోసం తిరిగాను. స్టేషన్ ఎదురుగా ఉంది. గోడల నిండా అద్దాలే.

మార్చి 15
పంది కాళ్లు రబ్బరు. నూడుల్స్ జిగురు. ఏమే, కళ్లు మూసుకుని వెతికావా అంది వదిన. మా అమ్మ పులుసు ముందు ఇదెంత అన్నాడు ఆయన. అందరూ అవునన్నారు. నేను అద్దంలో నా ముఖం కూడా చూసుకోలేకపోయాను.

అత్తయ్య మాత్రం తన కప్పులోంచి మెత్తటి ముక్క ఏరి నా కప్పులో వేసింది. ఆ రోజు చెప్పు దొరికిందా అని చెవిలో అడిగింది.

మార్చి 20
ఈ రోజు పులుసు నువ్వే వండమ్మాయ్, పక్కన మనిషి ఉంటే రుచి పోతుంది, నేను గుడికెళ్తా అంది అత్తయ్య.

ఆకుపచ్చ గిన్నె తోమి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లింది.