లస్కరు కానివాడు

7 జూలై 2025, సోమవారం

కృపాజ్యోతి వచ్చింది. రెండేళ్లుగా జగ్గయ్యపేట కోర్టులో ప్రతి వాయిదాకూ నా వెనక నిలబడే మనిషే. ఇవాళ మాత్రం నందిగామలో ఆఫీసుకు వచ్చింది. డీఎస్సీ బాగా రాసిందట. ప్రైవేటు స్కూల్లో పదేళ్లు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నా, ఈసారి టీచరు పోస్టు వచ్చేట్టే ఉంది మేడం అంది. సెలక్టయితే ఫారంలో కేసుందా అని అడుగుతారంట గదా, ఏం రాయాలండీ అంది.

ఉందనే రాయాలన్నాను. దాస్తే రేపు పీకేస్తారు. రాస్తే ఇవాళే ఆపుతారు.

మరైతే ఈలోగా కొట్టేయించండి అంది, ఫ్యాన్ స్విచ్ వేయమన్నంత తేలిగ్గా.

సెక్షన్ 332. ప్రభుత్వ ఉద్యోగిని విధుల్లో ఉండగా కొట్టడం. మూడేళ్ల దాకా జైలు, రాజీ కుదరని సెక్షన్. పక్కన 506, బెదిరింపు. అది లెక్కలోది కాదు. జరిగింది 2023 ఫిబ్రవరిలో. వాళ్లది సాగర్ కాలువ చివరి ఊరు. ఆమె ఎకరంన్నర మొక్కజొన్నకు నీటి వంతు ఆరు గంటలు. ఆరు గంటలూ గడిచినా నీళ్లు పొలం గట్టెక్కలేదు. టైమైందని, కాలువ తూములు చూసే లస్కరు దిలీప్ వచ్చి తూము షట్టరు దించబోయాడు. ఈమె పార కామతో కొట్టింది. కనుబొమ పగిలింది, మూడు కుట్లు.

కొట్టావా అని మొదటి రోజే అడిగాను. కొట్టానండీ అంది. ఇరవై నాలుగేళ్ల ప్రాక్టీసులో నన్ను మొదటి రోజు మోసం చేయని క్లయింట్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

9 జూలై

ఛార్జిషీటు మళ్లీ చదివాను, వెనక నుంచి. ముందు పేజీల్లో పోలీసులు కథ చెబుతారు. వెనక పేజీల్లో ఆ కథకు దొరికిన కాగితాలుంటాయి. రెండింటికీ మధ్య ఎక్కడో సందు ఉంటుంది. మా వృత్తి అంతా ఆ సందులో కాలు పెట్టడమే.

ఈ జిల్లాలో పేదవాడు ఏ ఆఫీసు ముందు గొంతెత్తినా పోలీసులు 332 గానీ, విధులకు అడ్డొచ్చారని 353 గానీ వేయకుండా వదలరు. కూరలో ఉప్పేసినట్టు వేస్తారు. కాలువ పైభాగంలో పెద్ద రైతు రత్తయ్య గట్టు మీదే రెండు మోటార్లు పెట్టి నీళ్లు తోడుకుంటున్నాడని ఊరంతా చెప్పింది. ఒక్క వాక్యం రాసుకోలేదు. మోటారు ఎవరినీ కొట్టలేదు గదా అని ఆనాటి ఎస్సై నాతోనే అన్నాడు. నవ్వుతూ అన్నాడు.

వెనక పేజీల్లో ఇరిగేషన్ సెక్షన్ ఆఫీసు ఇచ్చిన డ్యూటీ సర్టిఫికెట్ ఉంది. "సదరు తూము లస్కరు ఆ రోజు విధుల్లో ఉన్నారు." పేరు లేదు. పేరు ఎందుకు లేదు?

10 జూలై

ఫోన్ చేసి అడిగితే కృపాజ్యోతి నవ్వింది. లస్కరంటే ఆశీర్వాదం పెదనాన్నండీ, దిలీపన్న వాళ్ల నాన్న. ఆయన మోకాళ్లు పోయినకాడ్నించి షట్టరు హ్యాండిల్ అన్న చేతికొచ్చింది, ఎనిమిదేళ్లయింది, ఇప్పుడు ఊళ్లో లస్కరంటే అన్నే అంది.

రెండేళ్లు నాకెందుకు చెప్పలేదన్నాను.

మీరు అడగలేదు గదండీ అంది.

నిజమే. నేనూ కాలువ కింద ఊళ్లో పుట్టినదాన్నే. హ్యాండిల్ ఎవరి చేతిలో ఉంటే వాడే లస్కరని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఫిర్యాదులో లస్కరు దిలీప్ అని చూసి ఉద్యోగే అని ఎస్సై అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. పట్నం లాయరయితే మొదటి రోజే అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఏదీ అని అడిగేవాడు. ఆ పిల్ల రెండేళ్లు కోర్టు వరండాలో నిలబడింది నా తెలివితక్కువతనం వల్ల.

సమాచార హక్కు కింద లస్కర్ల హాజరు పట్టీ, అదే మస్టర్ రోల్, కాపీకి దరఖాస్తు పెట్టాను.

11 ఆగస్టు

మస్టర్ వచ్చింది. 2023 ఫిబ్రవరి నెలంతా కె. ఆశీర్వాదం హాజరు. దెబ్బ తగిలిన రోజు కూడా హాజరు. దిలీప్ పేరు ఎక్కడా లేదు. దిలీప్ ప్రభుత్వ ఉద్యోగి కాకపోతే 332 నిలవదు. అది పోతే మిగిలేది మామూలు దెబ్బ, 323. దానికి రాజీ కుదురుతుంది. లోక్ అదాలత్‌లో రాజీ అయితే నిర్దోషి కిందే లెక్క.

ఒకదాని వెనక ఒకటి రెండు టీలు తాగాను.

సాయంత్రం ఆరింటికి

తర్వాత ఆలోచించాను. ఈ మస్టర్ కోర్టులో వేస్తే ఆశీర్వాదం ఎనిమిదేళ్లుగా పనిచేయకుండా సంతకాలు పెట్టినట్టు రికార్డవుతుంది. సస్పెన్షన్, ఎంక్వయిరీ, పింఛనుకు ఎసరు. ఆరేళ్ల కిందట జీతాలు ఆపితే లస్కర్లతో పాటు రోడ్డు మీద కూర్చుని కరపత్రం రాసిందాన్ని. ఆశీర్వాదం నా పక్కనే కూర్చున్నాడు, ఏ తూము లస్కరో నేను అడగలేదు. పనిచేసేవాడే ఉద్యోగి అని రాశాను అందులో. ఇప్పుడు పనిచేసేవాడు ఉద్యోగి కాడని వాదించాలి.

12 ఆగస్టు

కృపాజ్యోతి వద్దంది. పెదనాన్న మా చర్చి పెద్దండీ, నా హాల్‌టికెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, ఆయన ఉద్యోగం తీసి నేను ఉద్యోగం చేస్తే ఆ వీధిలో ఎట్లా నడుస్తానండీ అంది.

గంట వాదించాను. నీతి గురించి నాకు ఉపన్యాసం ఇవ్వొద్దన్నాను. నీమీద కేసు పెట్టినప్పుడు ఆ ఇంట్లో ఎవరైనా ఇలా ఆలోచించారా అన్నాను. ఆలోచించలేదు, నేను కొట్టినప్పుడు నేనూ ఆలోచించలేదు గదండీ అంది. అన్ని వాదనల్లోనూ నేనే నెగ్గాను. ఆమె మాత్రం ఒప్పుకోలేదు.

13 ఆగస్టు

పిటిషన్ వేయలేదు.

16 ఆగస్టు, శనివారం

వాళ్ల ఊరు వెళ్లాను. దాచిపెట్టి దెబ్బ తీయడం నాకు చేతకాదు. ఆశీర్వాదం అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు, మోకాళ్లకు క్రేప్ బ్యాండేజీలు. దిలీప్ కాలువ మీదికి వెళ్లాడట. విషయం చెప్పాను. దేవమణి, ఆయన భార్య, అంతా విని, మా కడుపు మీద కొట్టడానికి బస్సెక్కి వచ్చావా ఫ్లోరెన్సమ్మా, ముందు కాఫీ తాగు, తర్వాత కొడుదువు గాని అంది. పంచదార ఎక్కువేసి మరీ ఇచ్చింది.

ఆశీర్వాదం మోకాలి బ్యాండేజీ సర్దుకున్నాడు. తర్వాత, వెయ్యమ్మా, నాకు మిగిలిందెంత, ఆ పిల్లకి బతుకంతా ఉంది అన్నాడు. దేవమణి గయ్యిమంది. నీకు పరలోకంలో జీతమిస్తారేమో, నాకు ఇక్కడ మందులు కొనాల అంది. దిలీప్ సంగతేంటి, ఎండనకా వాననకా తిరిగింది వాడు, రేపు వాణ్ని లోకం ఎవడనుకోవాల అంది.

ఆమె ప్రశ్నే సరైన ప్రశ్న. కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టి లేచాను.

తిరుగు బస్సులో తట్టింది. మస్టర్ నేనెందుకు వేయాలి? డిశ్చార్జి దశలో, అంటే విచారణకు ముందే సెక్షన్ తీసేయమని అడిగే దశలో, కోర్టు చూసేది పోలీసులు పెట్టిన కాగితాలే. దిలీప్ ఉద్యోగి అని చూపే కాగితం వాళ్లు పెట్టలేదు. ఆ లోటును చూపిస్తే చాలు. ఎందుకు లేదో నేను చెప్పనక్కర్లేదు.

18 ఆగస్టు

డిశ్చార్జి పిటిషన్ వేశాను. నాలుగు పేజీలు. రత్తయ్య మోటార్ల గురించి రెండు పేరాలు రాసి కొట్టేశాను. అవి ఈ పిటిషన్‌కు పనికిరావు. నా కోపానికి పనికొస్తాయి. మస్టర్ బీరువాలో పెట్టి తాళం వేశాను. కృపాజ్యోతికి చెబితే, ఇదైతే సరేనండీ అంది.

20 ఆగస్టు

వాదన పది నిమిషాలు. ఫిర్యాది నియామక పత్రం ఏదండీ అని మేజిస్ట్రేట్ అడిగారు. ప్రభుత్వ వకీలు, ఏపీపీ గీతాంజలి ఫైలు అటూ ఇటూ తిప్పి గడువు అడిగింది. సెప్టెంబరు ఒకటి దాకా ఇచ్చారు. బయట నాతో, ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు మేడం ఈ పాయింటు అంది. నా బుర్రలోనే, నాకే దొరకలేదన్నాను.

ఈ గడువే ప్రమాదం. పోలీసులు సెక్షన్ ఆఫీసుకు వెళ్లి కాగితం అడిగితే మస్టర్ బయటికొస్తుంది. నేను చేయకూడదనుకున్న పని నా పిటిషనే చేసిపెడుతుంది.

23 ఆగస్టు

కృపాజ్యోతి సెలక్టయింది.

29 ఆగస్టు

సర్టిఫికెట్ల వెరిఫికేషన్. ఫారంలో కేసు ఉందని రాసింది. పోస్టింగ్ ఇచ్చేలోపు కోర్టు ఆర్డర్ తెస్తే చూస్తామన్నారట. తేకపోతే అని అడిగితే తర్వాతి నంబరు పిలిచారట.

1 సెప్టెంబరు

పోలీసులు ఏ కాగితమూ తేలేదు. ఆఫీసు వాళ్లకు రెండుసార్లు లెటర్ రాసినా జవాబు లేదని గీతాంజలి చెప్పింది. ఎందుకిస్తారు? మస్టర్ ప్రతి పేజీ కింద ఆఫీసరు సంతకం ఉంది. ఆశీర్వాదాన్ని కాపాడింది నా తెలివీ కాదు, కృపాజ్యోతి మంచితనమూ కాదు. ఒక ఆఫీసరు భయం. ఇందులో న్యాయం ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే దణ్ణం పెడతాను.

3 సెప్టెంబరు

332 పోయింది. 323, 506 మిగిలాయి.

ఆర్డర్ చదివేటప్పుడు దిలీప్ వెనక గోడ దగ్గర ఉన్నాడు. ఇంగ్లీషు అర్థంకాక అటెండర్ని ఏమన్నారండీ అని అడిగాడు. నువ్వు లస్కరువి కాదంటయ్యా అన్నాడు అటెండర్. బెంచీ మీద ఎవరో నవ్వారు. మరి పొద్దున షట్టరు ఎత్తొచ్చింది ఎవరంట అన్నాడు దిలీప్. మళ్లీ నవ్వారు. అతను నవ్వలేదు.

6 సెప్టెంబరు

లోక్ అదాలత్ పదమూడున. రాజీకి దిలీప్ సంతకం కావాలి. పెట్టనన్నాడు. నన్ను ఎవడూ కాదని రాయించారు, ఎవడూ కానోడి సంతకం మీకెందుకండీ అని ఫోన్ పెట్టేశాడు.

8 సెప్టెంబరు

నాకు చెప్పకుండా కృపాజ్యోతి వాళ్లింటికి వెళ్లొచ్చింది. అన్నా, కొట్టింది తప్పే అందట. దిలీప్ అన్నం తింటూ తల ఎత్తకుండా, షట్టరు నా ఇష్టానికి దించానా, టైముకి దించా, పైన రత్తయ్య నీళ్లు తోడుకుంటే నామీదెందుకు పార లేపావు, ఆయన మీద లేపలేవు గాబట్టి అన్నాడట. దేవమణి, నిలబడే ఉన్నావేంటే, కూచో, నువ్వూ తిను అందట. తినొచ్చిందట.

రత్తయ్య మీద నేను మాత్రం ఏం వేశాను? వేదికల మీద పదిసార్లు తిట్టాను. కోర్టులో ఒక్క కాగితం వేయలేదు.

13 సెప్టెంబరు, శనివారం

దిలీప్ వచ్చాడు. రాజీ పత్రం నింపుతూ క్లర్కు, ఫిర్యాది వృత్తి చెప్పండి అన్నాడు. దిలీప్ నా వైపు చూశాడు. నేను నా ఫైలు వైపు చూశాను. కూలీ అని రాయండి అన్నాడు.

సంతకం పెట్టాడు. కేసు అయిపోయింది.

26 సెప్టెంబరు

కృపాజ్యోతికి పోస్టింగ్ వచ్చింది. చందర్లపాడు వైపు ప్రైమరీ స్కూలు. ఆర్డర్ పట్టుకుని దిగిన ఫోటో పంపింది. చాలాసేపు చూశాను. ఈ కేసులో ఎవరికైనా ఏదైనా మిగిలిందంటే అదే. అది చిన్నదేం కాదు. ఈ మాట నాతో నేను వాదించి ఒప్పించుకోవాల్సి వస్తోంది.

9 అక్టోబరు, ఉదయం ఎనిమిదిన్నర

దిలీప్ వచ్చాడు. నాన్న ఇక నడవలేడట, ఎనిమిదేళ్లు పనిచేసినందుకు ఆ పోస్టు తనకివ్వాలని కేసు వేయాలట. నువ్వు లస్కరువి కాదన్న కోర్టు ఆర్డర్ ముందు పెడతారయ్యా అన్నాను. అది వచ్చేట్టు రాసింది నేనే అన్నాను.

తెలుసండీ, అందుకే మీ దగ్గరికొచ్చా అన్నాడు.

కూర్చోమంటే కూర్చోలేదు. పదకొండింటికి చివరి ఊరి వంతట, షట్టరు ఎత్తాలని వెళ్లిపోయాడు.